అదే తలుపు మళ్లీ తట్టాలి

బీచ్ రోడ్డులో పొద్దున్నపూట బళ్లు ఆపేసిన వేళ, నడకకొచ్చిన పెద్దవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి బీపీ, షుగరు చూసే శిబిరాలు విశాఖలో మామూలే. మర్నాడు పేపర్లో ఫొటో, కింద 'ఇన్ని వందల మందికి ఉచిత పరీక్షలు' అని ఒక లైను. పరీక్ష చేయించుకున్నవాళ్లకు మేలే, కాదనేదేం లేదు. ఆ అంకెల్ని పట్టుకుని ఈ ఊళ్లో ముసలితనం ఎలా గడుస్తోందో చెప్పబోతేనే చిక్కు. శిబిరానికొచ్చింది నడవగలిగినవాళ్లు. కంచరపాలెంలో మేడ మెట్లు దిగలేక ఇంట్లోనే ఉండిపోయిన మామ్మగారు ఆ లెక్కలో లేరు. వచ్చిన మనిషి కూడా బీపీ 160 ఉందని చీటీ పట్టుకుని వెళ్లిపోయాక ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

వృద్ధుల ఆరోగ్యం మీద సర్వేకి పెట్టే ప్రతి రూపాయిలో సగానికి పైగా కొత్తవాళ్లను వెతకడానికి కాక, పాతవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లడానికి ఖర్చు పెట్టాలన్నది ఇక్కడి వాదన. 'శాంపిల్ పెద్దది కావాలి' అని పట్టుబట్టే అధికారులకు ఇది రుచించదు. కాస్త లెక్క చూద్దాం.

రెండేళ్లలో పెద్దవాళ్ల పిడికిలి బలం ఎంత తగ్గిందో తెలుసుకోవాలి. ఒక పద్ధతి: ఈ ఏడాది కొందరిని కొలిచి, రెండేళ్ల తర్వాత వేరే కొందరిని కొలవడం. రెండోది: అదే మనుషులను రెండుసార్లు కొలవడం. బలమైన మనిషి రెండేళ్ల తర్వాతా తోటివాళ్లకంటే బలంగానే ఉంటాడు కాబట్టి ఒకే మనిషి రెండు కొలతలకూ పొంతన ఉంటుంది. ఆ పొంతనను కొలిచే అంకె, సహసంబంధం, 0.7 అనుకుందాం (పూర్తి పొంతనైతే 1, అసలు లేకపోతే 0). అప్పుడు అవే 300 మందిని రెండుసార్లు కొలిస్తే తేలే మార్పు ఎంత కచ్చితంగా ఉంటుందో, వేర్వేరు మనుషులతో అంత కచ్చితత్వం రావాలంటే ప్రతిసారీ 1,000 మంది కావాలి. 300ని (1 – 0.7)తో భాగించండి, అంతే. పైగా వేర్వేరు వెయ్యి మంది సగటు మార్పును మాత్రమే చెప్తారు. ఎవరు పడిపోయారు, ఎవరు నిలదొక్కుకున్నారు, అంతకు రెండేళ్ల ముందు వాళ్లలో ఏం తేడా ఉంది అన్నది వాళ్లెప్పటికీ చెప్పలేరు.

ఈ పని ప్రపంచానికి కొత్త కాదు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ 1992లో మొదలుపెట్టిన హెల్త్ అండ్ రిటైర్మెంట్ స్టడీ యాభై దాటినవాళ్లను రెండేళ్లకోసారి పలకరిస్తూనే ఉంది. ఇంగ్లండ్ 2002లో, చైనా 2011లో ఆ దారి పట్టాయి. మన దేశంలో 2010లో నాలుగు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేసి, 2017–18లో లాసీ మొదటి విడత నడిపారు. పూర్తి పేరు లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా. ముంబైలోని ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్ నడిపింది. 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72,250 మంది. అందులో అరవై దాటినవాళ్లు 31,464. అప్పటిదాకా కుటుంబ ఆరోగ్య సర్వే అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్. దాని ముఖ్యమైన ఇంటర్వ్యూలు 15–49 ఏళ్ల ఆడవాళ్లతో, 15–54 ఏళ్ల మగవాళ్లతో. యాభై దాటిన ఆడమనిషి పెద్ద ప్రశ్నావళికి పనికిరాదన్నమాట!

ఉత్తరాంధ్రకు అంతకంటే పాత ఉదాహరణ ఒకటుంది, మనవాళ్లే మర్చిపోయారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అడ్డపొగ. 1960ల చివర్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధకుల బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించింది. అక్కడితో ఆగకుండా పదేళ్లపాటు అవే మనుషుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లింది. నోట్లో మచ్చ ఉన్నవాళ్లలో ఎందరికి క్యాన్సరయింది, ఎందరికి మచ్చ దానంతటదే పోయింది అన్నది అలా తెలిసింది. ఒక్కసారి చూసి వచ్చేస్తే 'ఇంతమందికి మచ్చలున్నాయి' అన్న అంకె దగ్గరే కథ ఆగిపోయేది. ఇదే తీరంలో ఇవాళ కూడా ప్రశ్నావళిలో 'మీరు సిగరెట్ తాగుతారా?' అని అడిగితే ముసలమ్మ 'ఛీ, లేదు బాబూ' అంటుంది. అబద్ధం కాదది, ప్రశ్నే తప్పు. చుట్ట, అడ్డచుట్ట, పొగాకు నమలడం, ముక్కుపొడి – విడివిడిగా, పేరు పెట్టి అడగాలి.

సగటు ఎంత మోసం చేస్తుందో ఐదుగురితో చూడండి. నడక వేగం సెకనుకు మీటర్లలో 0.4, 0.6, 0.8, 1.0, 1.2. సగటు 0.8. రెండేళ్లలో ప్రతి ఒక్కరి వేగం 0.05 తగ్గింది. అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి పోయారు. మిగిలిన నలుగురిది 0.55, 0.75, 0.95, 1.15. సగటు 0.85. ఒక్కరి నడకా బాగుపడలేదు, ఒకరు చనిపోయారు, ఊరి సగటు మాత్రం పెరిగింది! వృద్ధుల ఆరోగ్యం మెరుగుపడిందని రిపోర్టు రాసెయ్యొచ్చు. మనుషులను పేరుపేరునా వెంటాడని ఏ సర్వేకైనా ఈ జబ్బు తప్పదు.

తరాల తేడా ఇంకో ఉచ్చు. పది మాటలు చదివి వినిపించి, కాసేపాగి గుర్తున్నవి చెప్పమంటే ఎనభై ఏళ్లావిడ మూడు చెప్తుంది, అరవై ఏళ్లావిడ ఆరు. ఇరవై ఏళ్లలో జ్ఞాపకశక్తి సగమైపోతుందా? పెద్దావిడ బడి మొహం చూడలేదు, చిన్నావిడ హైస్కూలు దాటింది. ఆ తేడాలో వయసు వాటా ఎంత, చదువు వాటా ఎంత అన్నది ఒక్కసారి అడిగితే విడదీయలేం. అదే పెద్దావిడ 78వ ఏట ఐదు చెప్పి, 80వ ఏట మూడే చెప్తే అది ఆమె వయసు కథ. మతిమరుపు జబ్బు లెక్కలకు ఇది మరీ ముఖ్యం. లాసీకి అనుబంధంగా సుమారు నాలుగు వేల మందిని లోతుగా పరీక్షించిన అధ్యయనం, దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. చదువురానివాళ్లకు వాక్యం రాయమని, బొమ్మ గీయమని పరీక్ష పెడితే ఈ అంకె ఊరికే ఉబ్బిపోతుంది. అందుకే అక్షరం రానివాళ్ల కోసం తయారైన హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ లాంటివి వాడతారు. రెండో విడతలో అవే పది మాటలు వాడకూడదు. పోయినసారివి గుర్తున్నవాళ్లుంటారు. జాబితా మార్చాలి.

ఇక అసలు కష్టం, మనిషిని మళ్లీ పట్టుకోవడం. ప్రాజెక్టు ప్రతిపాదనల్లో దీనికి ఒక పేరా కూడా ఉండదు. విడతకు పది శాతం మంది జారిపోతే ఐదు విడతల్లో వందలో 59 మందే మిగులుతారు. ఐదు శాతం జారితే 77 మంది. పదేళ్ల శ్రమ విలువ ఈ రెండంకెల మధ్య తేడాలోనే ఉంది. జారిపోయేవాళ్లు ఎవరు పడితే వాళ్లు కారు. ఒంటరివాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు, జబ్బుపడి కూతురింటికి చేరినవాళ్లే ముందు జారిపోతారు.

పేర్ల దగ్గరే మొదలవుతుంది. సింహాచలం అప్పన్న దయవల్ల ఈ జిల్లాలో అప్పారావులు, అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనర్సమ్మలు వీధికి నలుగురు. 'సింహాచలం' అన్న పేరు మగవాళ్లకూ ఉంటుంది, ఆడవాళ్లకూ ఉంటుంది. కాబట్టి ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, వీధిలో పిలిచే పేరు మూడూ రాసుకోవాలి. ఆధార్‌లో 'ఎ. అప్పారావు' అని ఉన్న మనిషిని వీధిలో 'బెల్లం కొట్టు తాత' అంటే తప్ప ఎవరూ చూపించరు. ఫోన్ నంబరు ఒక్కటి చాలదు. పెద్దావిడ చెప్పే నంబరు సాధారణంగా కోడలిదో మనవడిదో, మనవడు ఏడాదికోసారి సిమ్ మారుస్తాడు. ముగ్గురి నంబర్లు తీసుకోవాలి. అందులో ఒకరు వేరే ఇంట్లో ఉండేవాళ్లు కావాలి, ఒకరు బంధువు కానివాళ్లైతే ఇంకా మేలు. పక్కింటివాళ్లో, పాలు పోసేవాళ్లో, కిరాణా కొట్టాయనో. ఆధార్ నంబరు మాత్రం అడగొద్దు. అడిగిన క్షణంలో సర్వే సర్కారు తనిఖీ అయిపోతుంది.

ఆ భయం చిన్నది కాదు. నెలకు నాలుగు వేల రూపాయల వృద్ధాప్య పింఛను మీద బతికే ఇంట్లో ట్యాబు పట్టుకుని 'కొడుకులు డబ్బు పంపిస్తారా? పొలముందా?' అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: 'ఎవరూ ఏమీ ఇవ్వరు నాయనా.' పింఛను తీసేస్తారేమోనని. పింఛను పంచే ఒకటో తారీఖున అందరూ ఇంటిపట్టునే ఉంటారని ఆ రోజే వెళ్లే సూపర్‌వైజర్లున్నారు. అది చెయ్యకూడని పని. పది రోజులు తేడాగా వెళ్లాలి. సచివాలయం సిబ్బందిని దారి చూపమనాలి గానీ పక్కన కూర్చోబెట్టుకోకూడదు. ఆదాయం ప్రశ్నలు చివరికి నెట్టి, ముందు బీపీ చూసి, కాస్త మాటల్లో పడ్డాక అడగాలి.

వంతుల సంగతి ఇంకో తలనొప్పి. మూణ్ణెల్లు పెద్దకొడుకు దగ్గర గాజువాకలో, మూణ్ణెల్లు చిన్నకొడుకు దగ్గర మధురవాడలో ఉండే తల్లి ఏ ఇంటి మనిషి? ఇంటి సభ్యుల జాబితా అడిగితే ఇద్దరూ 'ఇక్కడ ఉండదండీ' అంటారు, లేదా ఇద్దరూ ఉందంటారు. మొదటిదైతే ఆమె మాయమవుతుంది, రెండోదైతే ఇద్దరవుతుంది. వంతు ఎప్పుడు మారుతుందో, పోయిన ఏడాది ఎక్కడ ఎక్కువ నెలలుందో అడిగి ఒక ఇంటికి రాయాలి. ప్యానెల్, అంటే అవే మనుషులను మళ్లీ మళ్లీ పలకరించే సర్వే, అనుసరించాల్సింది ఇంటిని కాదు, మనిషిని. ఆవిడ హైదరాబాదు వెళ్తే సర్వే కూడా హైదరాబాదు వెళ్లాలి.

ఊరు కూడా కదులుతూనే ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఎన్ని రేకుల ఇళ్లు ఉన్నచోట లేవో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాయే మారింది. అనకాపల్లి విడిపోయింది, పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. 2018లో 'విశాఖ జిల్లా' అంటే పోర్టు నుంచి ఏజెన్సీ దాకా, ఇప్పుడు దాదాపుగా నగరం, దాని చుట్టుపక్కల. రెండు విడతల 'విశాఖ' అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చితే, కొండల్లో ఆస్పత్రికి దూరంగా ఉన్నవాళ్లు లెక్కలోంచి పోయినందుకు వచ్చిన తేడాను అభివృద్ధి అనుకుంటాం. ప్రతి మనిషికీ పాత జిల్లా, మండలం కోడ్లు చెరిపెయ్యకుండా ఉంచి, కొత్తవి పక్కన చేర్చుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా కొలతలో భాగమే. చలికాలంలో బీపీ పెరుగుతుంది, ఎండల్లో తగ్గుతుంది. మొదటి విడత మే నెలలో, రెండోది డిసెంబరులో చేస్తే లేని రోగం పుట్టుకొస్తుంది, అరకు వైపైతే మరీను. మొదటిసారి ఏ నెలలో చూశామో ఆ నెలలోనే మళ్లీ చూడాలి. సంక్రాంతికి ఇళ్లకు తాళాలు, లేదా ఇంటినిండా చుట్టాలు. కార్తీకంలో ఉపవాసాలు. చేపలు పట్టేవాళ్లుండే జాలారిపేటకు వెళ్లాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులు మంచివి, అందరూ ఒడ్డునే ఉంటారు. కాకపోతే ఆదాయం అడిగితే ఏడాది మొత్తంలోకీ తక్కువ అంకె వస్తుంది. కాబట్టి ఆదాయం గడిచిన ఏడాదికి అడగాలి, 'గత నెల' అని కాదు.

కొలతల విషయంలో నిర్లక్ష్యం చూస్తే కోపం వస్తుంది. పెద్దావిడ చేతి గుడ్డ మీదే బీపీ పట్టీ చుట్టేస్తారు, రవిక చెయ్యి బిగుతుగా ఉందని. అది చెల్లదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. అరగంట ముందునుంచి టీ, కాఫీ, చుట్ట ఉండకూడదు. కాళ్లు నేలకు ఆనాలి, వీపుకు ఆసరా ఉండాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి మిగతా రెండింటి సగటు తీసుకోవాలి. మొదటిసారి ఎక్కువ రావడం మామూలు, కొత్తమనిషి ఎదురుగా కూర్చున్నాడు కదా.

పిడికిలి బలం తేలిగ్గా కనిపించే కొలత, చెప్పేది మాత్రం చాలా. 17 దేశాల్లో దాదాపు లక్షా నలభై వేల మందిని గమనించిన ప్యూర్ అధ్యయనంలో (మన దేశమూ అందులో ఉంది) పట్టు ఐదు కిలోలు తక్కువైన కొద్దీ చనిపోయే ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. ఆసియా దేశాల నిపుణుల కొలబద్ద ప్రకారం మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల లోపు పట్టుంటే కండ బలహీనపడినట్టు. రెండు చేతులతో రెండేసిసార్లు. పరికరం పిడి చేతి సైజుకు సర్దాలి, చిన్న చేతులకు వెడల్పు పిడి ఇస్తే రెండు మూడు కిలోలు ఊరికే పోతాయి. ఏ భంగిమలో కొలిచారో – నిలబడా, కూర్చునా – రాసుకుని మళ్లీ అలాగే కొలవాలి. పరికరం ఆర్నెల్లకోసారి తెలిసిన బరువుతో సరిచూడకపోతే, మనిషి బలహీనపడ్డాడా స్ప్రింగు వదులైందా అన్నది తేలదు.

నడక పరీక్షకు నాలుగు మీటర్లు కావాలి. ఒంటిగది ఇంట్లో అంత జాగా ఎక్కడిది? వసారాలోనో వీధిలోనో సుద్దతో గీతలు గీయాలి. ఐదు సెకన్లు పడితే వేగం 0.8. గీత దగ్గరికి రాగానే పెద్దవాళ్లు ఆగిపోతారు, చివర్లో నెమ్మదిస్తారు. అందుకని 'అదిగో ఆ గుమ్మం దాకా నడవండి' అని గీత దాటి ఇంకో మీటరు అవతలికి చూపించాలి. సిమెంటు నేలా, మట్టి దారా, చెప్పులతోనా, చేతికర్రతోనా – ఇవన్నీ రాయాలి. పోయినసారి గచ్చు మీద, ఈసారి వీధిలో నడిపిస్తే వచ్చే తేడా వీధిది.

రక్త పరీక్షకు వేలి రక్తం కాగితం మీద ఆరబెట్టే పద్ధతి శ్రేష్ఠం, ఊళ్లో సిరంజి చూస్తే పారిపోయేవాళ్లున్నారు. కానీ విశాఖ గాలిలో తడి దానికి శత్రువు. ఫ్యాను గాలికి, ఎండ తగలకుండా, కనీసం నాలుగు గంటలు, వానాకాలంలో రాత్రంతా ఆరాలి. తడిగా ఉండగానే కవరులో పెడితే బూజు. తేమ పీల్చే పొట్లం, తేమ చూపే కార్డు లోపల ఉండాలి. వేలిని పిండితే రక్తంతో పాటు కణజాలపు నీరు వచ్చి హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. ఒకే గుండ్రంలో రెండు చుక్కలు వేస్తే ఆ గుండ్రం పారేసినట్టే.

భాష గురించి. 'మీ ఆరోగ్యం ఎలా ఉంది?' అంటే ఉత్తరాంధ్రలో 'ఏదో నడుస్తోంది' అంటారు. ఇది 'బాగుంది'లో వేయాలా 'ఫరవాలేదు'లోనా? ప్రశ్నలడిగే ప్రతి ఎన్యూమరేటరుదీ ఒక్కో తీర్పు. ఐదు జవాబులనూ చదివి వినిపించి ఎంచుకోమనడం ఒక్కటే దారి. డిప్రెషన్ ప్రశ్నలకు 'మీరు కుంగుబాటుకు లోనయ్యారా' అన్న పుస్తకాల తెలుగు పనికిరాదు. 'దిగులుగా ఉందా', 'ఏమీ తోచడం లేదా' అంటే పలుకుతారు. బెంగ అని అడిగితే మాత్రం వేరే సంగతి బయటికొస్తుంది – అమెరికాలో ఉన్న కూతురి మీద బెంగ జబ్బు కాదు, ప్రేమ. మూడింటినీ ఒకే గంపలో వేస్తే, మొదటి విడతలో 'దిగులు' అని అడిగి రెండో విడతలో 'బెంగ' అని అడిగితే, ఊరంతా రెండేళ్లలో కుంగిపోయినట్టు తేలుతుంది. పదం ఒకసారి ఖాయం చేశాక మార్చకూడదు, అది అంత గొప్పగా లేకపోయినా సరే.

రోజువారీ పనుల ప్రశ్నలూ అంతే. 'వంట చేసుకోగలరా?' అంటే తాతగారు చేతకాదంటారు. జన్మలో చెయ్యలేదు. చేతకాకపోవడమూ, ఎప్పుడూ చెయ్యకపోవడమూ వేర్వేరు గళ్లలో పడాలి. 'మరుగుదొడ్డికి వెళ్లడం కష్టమా?' అన్నదానికి పోయినసారి 'అవును', ఈసారి 'లేదు'. మోకాళ్లు బాగుపడ్డాయా? కాదు, కొడుకు వెస్ట్రన్ కమోడ్ పెట్టించాడు. 'కింద కూర్చుని లేవగలరా?' అని వేరుగా అడిగితేనే మోకాలి సంగతి తెలుస్తుంది. ఇక 'మీకు బీపీ ఉందని డాక్టరు చెప్పారా?' అన్న ప్రశ్న సగం బీపీ గురించి, సగం డాక్టరు గురించి. ఎంవీపీ కాలనీలో రిటైరైన ఉద్యోగి 'అవును' అంటాడు, కొండ మీది రైతు 'లేదు' అంటాడు, మిషను ఇద్దరికీ 150 చూపిస్తుంది. ఇంకో తిరకాసు: మనం కొలిచి చెప్పాక ఆ రైతు ఆస్పత్రికి వెళ్తాడు, రెండో విడతలో కొత్తగా జబ్బొచ్చినవాళ్లలో చేరతాడు. చెప్పకుండా ఉండటం అన్యాయం, చెప్పాక లెక్క మారుతుంది. చెప్పాల్సిందే. లెక్కలో దాన్ని గుర్తుంచుకోవాలి.

చనిపోయినవాళ్ల ఇంటికి కూడా వెళ్లాలి. పెద్దకర్మ ముగిసి కొన్ని వారాలయ్యాక, ఎక్కువగా చేసిన మనిషిని అడగాలి: ఎన్నాళ్లు మంచాన ఉన్నారు, ఎక్కడ పోయారు, ఎవరు చూసుకున్నారు, ఎంత ఖర్చయింది, అప్పు చేశారా. ఎక్కువగా చేసింది చాలాసార్లు కోడలే. మాట్లాడటానికి ముందుకొచ్చేది మాత్రం కొడుకు. ఆ గంట ఇంటర్వ్యూ లేకపోతే పైన చెప్పిన ఐదుగురి లెక్కే మళ్లీ.

'లాసీ ఉందిగా, మళ్లీ విశాఖకు వేరేగా ఎందుకు?' అంటారు. లాసీ రాష్ట్రానికి అంకెలిస్తుంది, నాలుగు మహానగరాలకు వేరుగా ఇస్తుంది. ఆ నాలుగు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. విశాఖ లేదు. ఉక్కు కర్మాగారంలో, షిప్‌యార్డులో, పోర్టులో ముప్ఫై ఏళ్లు దుమ్మూ చప్పుడూ మధ్య పనిచేసి రిటైరైన తరం ఒకే ఊళ్లో ఇంత చిక్కగా ఉన్న చోట్లు దేశంలో తక్కువ. వాళ్ల వినికిడి, ఊపిరితిత్తులు వయసుతో ఎలా మారుతున్నాయో రాష్ట్ర సగటు చెప్పదు. లాసీ కొలతలనే, అవే ప్రశ్నలనే తీసుకుని ఐదారు వందల మందితో మొదలుపెడితే జాతీయ అంకెలతో పోల్చుకోవచ్చు కూడా. ఆంధ్రా యూనివర్సిటీలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది, కేజీహెచ్ పెద్దాస్పత్రి ఉంది. ఉన్న శాంపిల్‌ను ఇంకో వెయ్యికి పెంచే డబ్బుతో ఇద్దరు మనుషులకు ఏడాది పొడవునా జీతమిచ్చి, మూణ్ణెల్లకోసారి ఫోన్ చేయించి, చిరునామాలు తాజాగా ఉంచే పనికి పెట్టడం మేలు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైంది. ఆ చుట్టుపక్కల వాళ్లకు తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా, అరవై ఐదేళ్ల మనిషి ఇవాళ ఆయాసపడుతుంటే అది గ్యాసు వల్లా, చుట్ట వల్లా, వయసు వల్లా అని అడిగినప్పుడు అవసరమయ్యేది 2019లో ఆ మనిషి ఎంత గట్టిగా ఊదగలిగాడన్న ఒక్క అంకె. గోపాలపట్నం వైపు వీధుల్లో వందమంది పెద్దవాళ్లకు ఆ అంకె ముందే రాసి పెట్టి ఉంటే, 2020 జూన్‌లో ఆ వందమంది తలుపులే మళ్లీ తట్టి, ఊపిరి బలం కొలిచే అదే గొట్టం చేతికిచ్చి ఊదమంటే సరిపోయేది.